సొట్టపడని సోల

మా నెల్లూరు వైపు వడ్ల ధర ఇప్పటికీ పుట్టి లెక్కనే చెప్పుకుంటాం. పుట్టికి ఇంత పలికింది, ఎకరాకి ఇన్ని పుట్లు పండింది అంటాం. పుట్టి అంటే 850 కిలోలు. కాటా తూచేది కిలోల్లో, బస్తా మీద రాసేది కిలోల్లో, మాట మాత్రం పుట్టి. ఆ పుట్టికి మనవరాళ్ళ వరసైన సోల, తవ్వ, మానిక మటుకు వంటింట్లోంచి ఎప్పుడు వెళ్ళిపోయాయో ఎవరూ గమనించలేదు. వాటి చోటికి రింగుకి గుచ్చిన కప్పుల సెట్టు వచ్చింది. ఒకటి, అర, మూడోవంతు, పావు అని నాలుగు కప్పులు, వాటికి తోడు చిన్నా పెద్దా స్పూన్లు.

ఈ కప్పుల్లో ఏవి కొంటే ఎక్కువకాలం మన్నుతాయని మా చుట్టాల్లో కొత్తగా కాపురం పెట్టిన పిల్లలు అడుగుతుంటారు. స్టీలువా, ప్లాస్టిక్‌వా, గాజువా అని. గరిటెకైతే విరక్కుండా ఉంటే చాలు, అది మన్నినట్టే. కొలపాత్రకి అది చాలదు. విరక్కుండా, పోకుండా ఇరవై ఏళ్ళు ఉన్నా, అందులో పట్టేది మారిపోతే ఆ పాత్ర పోయినట్టే లెక్క. మన పెద్దవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. ఎందుకు తెలుసో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు ఆ కొలతల వరస చూడండి. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము. ఇరవై తూములు పుట్టి. మధ్యలో ఐదు తూములకి ఏదుమనీ, పదికి పందుమనీ పేర్లున్నాయి. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేసిన నిఘంటువు తిరగేసినా ఈ మాటలు కనిపిస్తాయి.

కుంచందాకా అన్నీ రెట్టింపులూ సగాలే, గమనించారా? ఇందులో ఎంత తెలివుందో నాకు మూడోవంతు కప్పు చేతిలోకి వచ్చాక గాని తెలియలేదు. సోలెడు బియ్యాన్ని రెండు గిన్నెల్లోకి సమంగా సర్దడం చదువురాని మనిషికి కూడా చేతనవును. రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కువున్న దాన్లోంచి తక్కువున్న దాన్లోకి చారెడు పోస్తే సరిపోతుంది. దాన్ని మళ్ళీ సగం చేస్తే గిద్ద. మూడు సమభాగాలు కంటితో చేసి చూపించండి, ఎవరివల్లా కాదు. గిద్ద పోయినా సోల ఉంటే గిద్దెడు తీయొచ్చు. మూడోవంతు కప్పు పోతే మళ్ళీ బజారుకి పోవాల్సిందే.

ఆ పాత్రలు ఎట్లా ఉండేవో ఈ కాలం పిల్లలు చూసుండరు. సోల, తవ్వ ఎక్కువగా ఇత్తడివో కంచువో ఉండేవి. నిలువుగా, గొట్టంలా, మందంగా ఉండి చుట్టూ కడియాల్లాంటి గట్లు. కుంచం కొయ్యతో చేసి ఇనప పట్టీలు బిగించేవాళ్ళు. గట్లు అందానికని చాలామంది అనుకుంటారు. వాటి అసలు పని పాత్ర కిందపడితే లోపలికి సొట్టపడకుండా ఆపడం. అంచు దగ్గర లోహం ఇంకా మందంగా ఉండేది, రోజూ చేత్తో, పుల్లతో గీసీగీసీ అరిగిపోకుండా. మూతి వెడల్పుగా కాకుండా ఎత్తుగా చేయడానికీ కారణం ఉంది. మూతి వెడల్పైన కొద్దీ పైన గోపురంలా నిలిచే గింజలు ఎక్కువ. మూతి ఇరుకైతే, నిండా పోసినా తలకొట్టి పోసినా తేడా తక్కువ. కొలిచేవాడి చేతివాటానికి చోటు తగ్గించడమన్న మాట.

వీటిని మన దేవుళ్ళు కూడా వాడారు. 11 నుంచి 13వ శతాబ్దాల మధ్య తీరాంధ్ర గుళ్ళలో వేయించిన శాసనాల్లో అఖండ దీపాల దానాలు ఎన్నో ఉన్నాయి. దాత గుడికి 50, 55 గొర్రెలిస్తాడు. వాటిని మేపుకునే బోయ వాటి పాల మీద రోజూ మానెడు నెయ్యి దీపానికి పోయాలి. వాడు, వాడి బిడ్డలు, వాళ్ళ బిడ్డలు కూడా. సూర్యచంద్రులు ఉన్నంతకాలం పోయాలని రాయి మీద చెక్కించారు. ద్రాక్షారామం లాంటి చోట్ల ఇలాంటివి బోలెడు. ఇది చదివినప్పుడల్లా నాకు దీపంకన్నా ఆ మాన మీదికే మనసు పోతుంది. గొర్రెలు చస్తాయి, పుడతాయి. మనుషులు మారతారు. కొలిచే పాత్ర కొంచెం సొట్టపడినా, ఎవరైనా కొంచెం చిన్నది చేయించినా, రాతి మీది మాటకి అర్థం మారిపోతుంది. ఆ నెయ్యి తీసిన ఆడవాళ్ళ పేర్లు మటుకు ఏ రాయి మీదా లేవనుకోండి, అది వేరే కథ.

కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది లెక్క. మా అవ్వ ఇంట్లో బియ్యం కొలిచినా అట్లాగే అనేది, సోల డబ్బాలోకి దించుతూ. మా చిన్నప్పుడు మేము నవ్వేవాళ్ళం. "నవ్వితే నవ్వండమ్మే, ఒకటంటే ఒకటే అవుద్ది, లాభమంటే లాభమవుద్ది" అనేది. పక్కింటివాళ్ళు చేబదులుకి వస్తే ఆమెకి ఒక కట్టు ఉండేది. ఏ సోలతో ఇచ్చామో మళ్ళీ ఆ సోలతోనే పుచ్చుకోవాలి. మన సోల తీసుకెళ్ళి వాళ్ళింట్లో కొలిచి తెచ్చినా సరే, వాళ్ళ సోలతో మాత్రం వద్దు. అనుమానంతో అనే మాట కాదది. రెండు సోలలు ఒకలాగే ఉండవని ఆమెకి తెలుసు, తేడా వస్తే మాట పోతుందనీ తెలుసు.

ఇంట్లో చేబదులు దగ్గర మాట పోతుంది. కూలి దగ్గర కడుపే మాడుతుంది. ఒకప్పుడు నాట్లకీ కోతలకీ పోయే ఆడవాళ్ళకి కూలి డబ్బుల్లో కాకుండా గింజల్లో ముట్టేది. సాయంత్రం కళ్ళం దగ్గర కొంగు పట్టుకుని నిలబడితే ఇన్ని సోలలని కొలిచి పోసేవాళ్ళు. పుచ్చుకునేటప్పుడు ఒక కుంచం, ఇచ్చేటప్పుడు ఇంకొకటి ఉంచుకునే ఆసాముల గురించి పాతకాలం వాళ్ళు ఎవరిని అడిగినా చెబుతారు. అడుగు కాస్త లోపలికి కొట్టిన పాత్ర, పక్కన చిన్న సొట్టున్న పాత్ర, వేళ్ళు లోపలికి పెట్టి పట్టుకునే చెయ్యి, ఎన్ని దారులో. తలకొట్టేటప్పుడు పుల్లని ఏటవాలుగా లాగితే ఇంకొంచెం మిగులుతుంది. ఒక్క సోలలో పోయేది చారెడే కావచ్చు. ఆ చారెడు రాత్రి గంజిలోకి వచ్చే చారెడు. పొలంలో రోజంతా నడుం వంచిన మనిషికి ఆ పాత్రలో ఎంత పడుతుందో నోరెత్తి అడిగే వీలు లేదు. అడిగితే మర్నాడు పని ఉండదు.

అందుకే సర్కారు ముద్ర వచ్చిందంటే నేను దాన్ని చిన్న విషయంగా చూడను. తూనికలు కొలతల ప్రమాణాల చట్టం 1956 డిసెంబరులో వచ్చింది, అంటే ఆంధ్రప్రదేశ్ పుట్టిన రెండు నెలల్లోపే. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి కిలోలు విడతలుగా దిగాయి. 1962 ఏప్రిల్ కల్లా దేశమంతా బరువులకి కిలోలే వాడాలన్నారు. ఆ తర్వాత 1976లో ఇంకో చట్టం, 2009లో ఇప్పుడున్న లీగల్ మెట్రాలజీ చట్టం వచ్చాయి. ఇది 2011 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. వ్యాపారానికి వాడే రాళ్ళనీ కొలపాత్రల్నీ తూనికలు కొలతల శాఖ వాళ్ళు పరీక్షించి ముద్ర వేయాలి, కొంతకాలానికి మళ్ళీ పరీక్షించాలి. మళ్ళీ ఎందుకంటే, వాడగా వాడగా అవి అరుగుతాయి, సొట్టపడతాయి గనక.

అంతకుముందు ఎంత గందరగోళమో శేరు ఒక్కటి చాలు చెప్పడానికి. మనం మద్రాసు రాజధానిలో ఉండేవాళ్ళం. మద్రాసు లెక్కలో మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక శేరు, ఐదు శేర్లు ఒక వీశ. తులం 11.66 గ్రాములు. అంటే మన తూకం శేరు 24 తులాలు, సుమారు 280 గ్రాములు. వీశ 1.4 కిలోలు. ఉత్తరాదిన ఎక్కువగా నడిచిన శేరు 80 తులాలు, అంటే 933 గ్రాములు. పేరొకటే, బరువు మూడింతలకి పైన. ఇది చాలదన్నట్టు శేరు అనే కొలపాత్ర వేరే ఉంది. దాంతో ఉప్పూ బియ్యమూ కొలిచేవాళ్ళు, దానికీ తూకం శేరుకీ చుట్టరికం లేదు. పాత వంటల పుస్తకంలో "శేరు బెల్లం" అని ఉంటే అది ఏ ఊరి పుస్తకమో, ఏ సంవత్సరంలో వేసిందో చూడకుండా పాకం పట్టకండి.

కిలోలొచ్చి అరవై ఏళ్ళు దాటినా ఇది పూర్తిగా పోలేదు. ఇళ్ళస్థలాల అంకణమే చూడండి. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. వియ్యాలవారిది తిరుపతైతే స్థలం మాట వచ్చినప్పుడు ఒకసారి గట్టిగా అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక కప్పు సంగతి. ఇది అమెరికా వంటింట్లోంచి వచ్చింది. అక్కడా మొదట్లో టీకప్పుడు పిండి, వాల్‌నట్ అంత వెన్న అనేవాళ్ళు, మనం నిమ్మకాయంత చింతపండు అన్నట్టే. ఫానీ ఫార్మర్ అనే ఆవిడ బోస్టన్ వంటబడిలో పాఠాలు చెప్పేది. 1896లో ఆవిడ వేసిన వంటల పుస్తకం, కప్పుని నిండా నింపి అంచుకి సమంగా కత్తితో గీయాలని పట్టుబట్టింది. అంటే మన తలకొట్టుడే. అమెరికా కప్పు 237 మిల్లీలీటర్లు. పొట్లాల మీద పోషకాల లెక్కకి వాళ్ళు 240 అంటారు. ఆస్ట్రేలియా కప్పు 250, వాళ్ళ పెద్ద స్పూను మిగతా అందరిలా 15 కాకుండా 20. మన బజార్లో దొరికే సెట్లలో 240వీ ఉంటాయి, 250వీ ఉంటాయి. శేరు కథ మళ్ళీ మొదలైందని మీకు అనిపిస్తే తప్పులేదు.

రైస్ కుక్కరుతో వచ్చే చిన్న కప్పుది ఇంకో కథ. జపాన్‌లో కరెంటు కుక్కరుని తోషిబా వాళ్ళు 1955లో అమ్మకానికి పెట్టారు. జపాన్‌లో బియ్యానికి గో అని పాత కొలత ఉంది, మన సోల లాంటిది. అది 180 మిల్లీలీటర్లు. 1959 నుంచి అక్కడ వ్యాపారంలో పాత కొలతలు వాడకూడదన్నారు. అయినా గో మాత్రం కుక్కరు కప్పు వేషంలో బతికి, సముద్రాలు దాటి మన వంటింటిదాకా వచ్చింది. మన సోలకి ఆ అదృష్టం పట్టలేదు. కుక్కరు కొన్న మా ఆడపడుచు ఆ కప్పు పారేసి మామూలు కప్పుతో బియ్యం పోసి, కుక్కరు గిన్నెలో గీతదాకా నీళ్ళు పోసి, అన్నం పలుకైందని కుక్కరుని తిట్టింది. ఆ గీతలు 180 కప్పుకి గీసినవి.

అసలు మన వంటకి ఈ కప్పులు అవసరమా అంటే, రోజువారీ వంటకి నిజంగా అక్కర్లేదు. అన్నానికి బియ్యం ఒకటైతే నీళ్ళు రెండు. ఇడ్లీకి మినప్పప్పు ఒకటైతే రవ్వ రెండు. ఒకే గ్లాసుతో రెండూ కొలిస్తే ఆ గ్లాసులో ఎంత పడుతుందో తెలియకపోయినా అన్నం ఉడుకుతుంది. ఆవకాయకీ అంతే, ఏ గిన్నెతో ఆవపిండి కొలిచామో దాంతోనే ఉప్పూ కారమూ. అయితే ఒక మాట. పాతవాళ్ళు ఇస్కపల్లి మడుల్లోంచి వచ్చిన కల్లుప్పుని ఎండబెట్టి దంచుకుని కొలిచేవాళ్ళు. మీరు పాకెట్టు ఉప్పు అదే గిన్నెతో కొలిస్తే పచ్చడి ఉప్పు కషాయమవుతుంది, ఎందుకంటే మెత్తటి ఉప్పు సందుల్లేకుండా కూర్చుంటుంది, అదే గిన్నెలో బరువెక్కువ పడుతుంది. ఇక్కడ గిన్నె తప్పేం లేదు. ఉప్పుని తూచి వేసుకోండి, సరిపోతుంది.

కప్పు కచ్చితంగా ఉండాల్సింది ఎప్పుడంటే, రాసినవాళ్ళు ఒకచోట, చేసేవాళ్ళు ఇంకోచోట ఉన్నప్పుడు. డల్లాస్‌లో ఉన్న కూతురు ఫోన్లో చెప్పిన కేకు, లేదా నెల్లూరులో అమ్మ చెప్పగా న్యూజెర్సీలో కోడలు చేసే అరిసెలు. వీటన్నిటికన్నా ముఖ్యం పిల్లల మందు. టీస్పూను అంటే 5 మిల్లీలీటర్లు. ఇంట్లో టీ కలిపే స్పూన్లు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి, వాటిని మందుకి వాడకండి. విరేచనాలప్పుడు ఇచ్చే ఓఆర్‌ఎస్ పాకెట్లలో లీటరు నీళ్ళకి కలపాల్సినవీ ఉంటాయి, 200 మిల్లీలీటర్లకి కలపాల్సినవీ ఉంటాయి. పాకెట్టు మీద ఎంత రాసుంటే అంత నీళ్ళే పోయాలి. నీళ్ళు తగ్గి ఉప్పు ఎక్కువైతే చంటిపిల్లలకి మేలు బదులు హాని జరుగుతుంది. ఇంట్లో ఒక్క నమ్మకమైన కొలపాత్ర ఉండాలని నేను అనేది ముఖ్యంగా దీనికోసమే.

మరి ఏది కొనాలి? ఇంట్లో వాడే కప్పులకి సర్కారు ముద్ర ఉండదు, అది వ్యాపారం చేసేవాళ్ళకే. కాబట్టి చూసుకోవాల్సింది మనమే. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉండేవాళ్ళు ముందు స్టీలు సంగతి చూడాలి. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వైపు ఇళ్ళలో చవక స్టీలు మీద రెండు వానాకాలాలు దాటేసరికి చిన్నచిన్న తుప్పు చుక్కలు లేస్తాయి. 304 అని ముద్ర ఉన్న స్టీలులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఉప్పుగాలికి అది ఓర్చుకుంటుంది. అయస్కాంతం పెట్టి చూడమని కొంతమంది చెబుతారు, దాన్ని నమ్ముకోకండి. నికెల్ తక్కువున్న చవకరకాలు కూడా అంటుకోకుండా ఉండొచ్చు.

పిడి విడిగా అతికించిన కప్పు కన్నా ఒకే రేకుతో సాగదీసి చేసింది మేలు. అతుకు సందులో నీళ్ళు నిలుస్తాయి, తుప్పు అక్కడే మొదలవుతుంది, పిడి అక్కడే ఊడుతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలికి పోయే పల్చటి రేకు వద్దు. కింద పడ్డ రోజే అది తప్పుడు కొలత అవుతుంది. అంకెలు రంగుతో వేసినవి కాకుండా రేకులోకి చెక్కినవి చూడండి. రంగు అంకెలు ఏడాదిలో పోయి, ఏది అరో ఏది మూడోవంతో కంటితో పోల్చుకోవాల్సి వస్తుంది. అల్యూమినియంలో ఉప్పూ చింతపండూ నిలవ ఉంచకూడదు, పైగా అది తొందరగా సొట్టపడుతుంది. ప్లాస్టిక్ కప్పులో సలసలకాగే నూనె పోస్తే అది ఒంకర్లు పోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, కొలతే మారుతుంది. నీళ్ళకీ పాలకీ మటుకు గీతలున్న గాజు జగ్గు మంచిది, వేడికి ఓర్చే బోరోసిలికేట్‌ది. గీత దగ్గరకి కళ్ళు వంచి చూడాలి, పైనుంచి చూస్తే తప్పుతుంది. గాజు పగులుతుందని భయపడేవాళ్ళకి ఒక మాట. గాజుకి సొట్టపడదు. ఉంటే సరిగ్గా ఉంటుంది, లేకపోతే ఉండదు.

కొన్నాక పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. గ్రాముల్లో చూపించే వంటింటి కాటా ఉంటే కప్పుని ఖాళీగా పెట్టి సున్నా చేసి, అంచుదాకా మామూలు నీళ్ళు పోయండి. 250 కప్పైతే 250 గ్రాములకి ఒకటి రెండు అటూఇటుగా చూపాలి, 240 కప్పైతే 240కి దగ్గరగా. కాటా లేకపోతే సీలు విప్పని లీటరు నీళ్ళ సీసా చాలు. 250 కప్పుకి నాలుగుసార్లు సరిగ్గా రావాలి. రాకపోతే అది 240దో, 237దో, లేక దేనికీ కాకుండా పోయినదో. ఏడాదికోసారి, పచ్చళ్ళ రోజుల ముందు చూసుకుంటే మంచిది.

మా ఇంట్లో పాత సోల ఇంకా ఉంది. అంచు దగ్గర చిన్న నొక్కు ఉంది గానీ గట్లు గట్టిగానే ఉన్నాయి. నీళ్ళు పోసి చూస్తే 250 కప్పుతో రెండు పట్టి ఇంకొంచెం పట్టింది. ఇప్పుడది బియ్యం డబ్బాలోనే ఉంటుంది. నలుగురికి అన్నం అంటే సోలెడు, ఇంకో ఇద్దరొస్తే ఇంకో అరసోల. మా అమ్మాయికి ఈ మధ్యే చెప్పాను, మొదటిది దించేటప్పుడు ఏమనాలో.